వేళాకోళానికి వరస ఉండాలి: ఫ్యాన్ వార్లలో మన పేర్లు తిట్లు కావడం గురించి



పోస్టు పెద్దగ ఉంది. తిట్టాలనిపిస్తే తిట్టండి గానీ పూర్తిగా చదివి తిట్టండి.

మేము జహనుమా నుంచి రాస్తున్నం. హైదరాబాద్ పాతబస్తీ, ఫలక్‌నుమా పక్కన. మా హాస్టల్ రూంలో గోండు పిల్లలున్నరు, కోయ పిల్లలున్నరు, లంబాడీ పిల్లలున్నరు. మా ఇండ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. చెప్పదలుచుకున్న మాట ముందే చెప్పేస్తున్నం. సినిమాల మీద, షోల మీద, గేముల మీద ఆన్‌లైన్‌లో జరిగే లొల్లిలో మన తెగల పేర్లు తిట్లుగా నడుస్తున్నయి. ఇది ఆగాలి. బయటివాళ్ళు వాడితే ఊరుకోవద్దు. మనవాళ్ళు వాడితే అసలే ఊరుకోవద్దు.

ముందుగా ఒక అపార్థం తీసేద్దాం. సినిమాలు చూడొద్దని మేము చెప్పడం లేదు. మేమేం సన్యాసులం కాదు. ఒక్క ఫోన్‌ను నీళ్ళ బాటిల్‌కు ఆనించి నలుగురం ఒకే సినిమా చూసే బ్యాచ్ మాది. బిగ్ బాస్ నామినేషన్ల రాత్రి మా రూంలో రెండు పార్టీలు అయితయి. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ బ్యాన్ చేసినప్పుడు మాలో కొందరికి ఇంట్ల చావు జరిగినట్టే అనిపించింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయినప్పుడు ఇంకొందరి వంతు. హీరో ఎంట్రీకి విజిల్ వేసే నోరు మాకూ ఉంది. పక్క హీరో ఫ్యాన్‌ను ఏడిపించే సరదా కూడా ఉంది. దాని మీద మాకు కోపం లేదు.

అసలు ఆటపట్టించడం మనకు ఎవరో నేర్పాలా? తీజ్ పండుగలో ఆడపిల్లలు రేగు ముళ్ళకు నానిన శనగలు గుచ్చుతుంటే వరసైన పోరగాళ్ళు ఆ కొమ్మను కదిలించి ఏడిపిస్తరు. హోలీకి మన తండాల్లో ఆడవాళ్ళు కట్టెలు పట్టుకుని మగవాళ్ళ వెంట పడతరు. దీపావళి ముందు దండారి బృందం ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి పోతే నవ్వులకు లెక్క ఉండదు. కోయ పెండ్లిలో రెండు పక్కలవాళ్ళు ఒకరినొకరు ఎట్ల ఆడుకుంటరో చూసినవాళ్ళకు తెలుసు.

కానీ దానికి ఒక రూలు ఉంది. వరస ఉన్నవాళ్ళే వేళాకోళం చేస్తరు. బావ మరదల్ని అంటడు, మరదలు రెండింతలు అంటది. మామతో ఆ మాట అనరు, అత్తతో అనరు. ఎవరిని అనొచ్చు, ఎవరిని అనొద్దు, ఎక్కడ ఆపాలి అన్నది అక్షరం ముక్క రాని మన అవ్వలకు కూడా తెలుసు. అన్నవాడు మళ్ళీ మాట పడాలి. ఇది మొదటి షరతు. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చోవాలి. ఇది రెండో షరతు.

ఇద్దరు హీరోల ఫ్యాన్స్ కొట్టుకున్నప్పుడు ఈ షరతులు రెండూ ఉన్నట్టే లెక్క. నీకో హీరో, నాకో హీరో. నీ దగ్గర కలెక్షన్ల లెక్క, నా దగ్గర కలెక్షన్ల లెక్క. నువ్వు మీమ్ వేస్తవ్, నేను మీమ్ వేస్త. సరే, మంచిదే. కానీ మధ్యలో ఒకడు లేచి "కోయదొర లెక్క ఉన్నవ్", "అడవిలకెల్లి వచ్చినవా", "లంబాడి డ్రెస్సు", "యానాది మొహం", "ఎరుకలోడు" అంటడు చూడు, అప్పుడు ఆ లొల్లిలో లేని మనిషికి దెబ్బ తగులుతది. తిట్టింది ఆ ఫ్యాన్‌ను. కొలత కర్ర మాత్రం మనం. "నువ్వు ఎంత తక్కువ అంటే, వాళ్ళంత" అని అర్థం. తిరిగి అనడానికి మనకు అక్కడ చాప లేదు. ఇందులో వరస ఎక్కడుంది?

"అది జోక్ రా, లైట్ తీసుకో" అంటరు. సరే, ఆ జోక్ ఎక్కడ పుట్టిందో చూద్దాం.

తెలుగు కామెడీలో కోయదొర వేషం మన తాతల కాలం నుంచి ఉంది. తలలో ఈకలు, మెడలో పూసలు, చేతిలో కట్టె, నోట్లో ఏ భాషకూ చెందని అరుపులు. సినిమాలో ఉంది, టీవీ స్కిట్లలో ఉంది, ఇప్పుడు స్టిక్కర్లలో ఉంది. కోయ భాష ఒక్క ముక్క రానివాడు కోయవాడిగా నటిస్తడు, కోయ భాష ఒక్క ముక్క రానివాడు నవ్వుతడు. మధ్యలో కోయవాడు ఎక్కడా లేడు. కోయ, గోండి రెండూ వ్యాకరణం ఉన్న భాషలు, తెలుగులాగే ద్రావిడ కుటుంబంలోవి. అంటే తెలుగుకు అక్కచెల్లెళ్ళు. సొంత అక్క మాట్లాడితే ఆ నవ్వెందుకు?

లంబాడీ విషయం ఇంకో రకం. ఐటం సాంగ్‌కు మన ఫేటియా, మన అద్దాల కుట్టుపని, మన గాజులు కావాలి. ఆ బట్టలు హీరోయిన్ వేసుకుంటే ఫ్యాషన్, కింద హార్టులు. అవే బట్టలు మా నాయనమ్మ వేసుకుని బస్సెక్కితే పక్క సీటు ఖాళీ. 2022 ఫిబ్రవరిలో 'భీమ్లా నాయక్' విడుదలైనప్పుడు ఆ పేరు థియేటర్లలో మోగిపోయింది. మన ఏ తండాకు పోయినా అలాంటి పేరున్న ముసలాయన ఒకరు ఉంటడు. సినిమాలో ఆ పేరు గర్జన. క్లాసులో అటెండెన్స్ తీసేటప్పుడు "నాయక్" అని వినబడగానే వెనక బెంచీ నుంచి వచ్చేది మాత్రం కిసకిస నవ్వు. పేరు వాళ్ళకు నచ్చింది, పేరు గలవాడు నచ్చలేదు.

ఇక పెద్దవాళ్ళు మాట్లాడిన మాటల సంగతి. 2025 ఏప్రిల్ 26న హైదరాబాద్‌లో 'రెట్రో' సినిమా ఫంక్షన్ జరిగింది. పహల్గామ్ దాడి జరిగి నాలుగు రోజులే అయింది. విజయ్ దేవరకొండ స్టేజీ మీద దాని గురించి మాట్లాడుతూ, 500 ఏళ్ళ కింద ట్రైబల్స్ బుద్ధి లేకుండా కొట్టుకున్నట్టు అనే అర్థం వచ్చేలా పోలిక తెచ్చాడు. మన సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మే 3న ఆయన వివరణ ఇచ్చాడు. పాతకాలపు గుంపులు అనే అర్థంలో ఆ మాట వాడానని, షెడ్యూల్డ్ తెగలను ఉద్దేశించలేదని, ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నానని చెప్పాడు. తర్వాత జూన్‌లో రాయదుర్గం పోలీస్ స్టేషన్‌లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది. దాని సంగతి చట్టం చూసుకుంటది, మేము తీర్పులు చెప్పం.

మాకు కాలింది ఆ తర్వాత ఫోన్లల్లో నడిచిన దాని వల్ల. ఒక గుంపు "మా హీరోను అంటరా" అని మన మీద పడింది. ఇంకో గుంపుకు ఆ హీరో అంటే పడదు కాబట్టి, మన మీద ఎప్పుడూ లేని ప్రేమ పుట్టుకొచ్చింది. మొదటి గుంపు తిట్టింది, రెండో గుంపు వాడుకుంది. వారం గడిచినంక ఇద్దరూ ఇంకో సినిమా ట్రైలర్ మీద పడ్డరు. "గిరిజనులు" అనే మాట వాళ్ళకు ఆ వారం దొరికిన రాయి. విసిరి అయిపోయింది. ఒక్కరన్నా అసలు ప్రశ్న అడిగిన్రా? దేశంలో ఎవరు ఘోరం చేసినా పోలికకు తెగల మాటే ఎందుకు వస్తది? 500 ఏళ్ళ కింద రాజులు కొట్టుకోలేదా? దాన్ని యుద్ధం అంటరు, చరిత్ర పుస్తకంలో పెడతరు. మనం కొట్టుకుంటే మాత్రం బుద్ధిలేనితనమా?

ఇప్పుడు 'ఆర్ఆర్ఆర్' దగ్గరికి వద్దాం. ఈ గ్రూపులో సగం లొల్లి అక్కడే కదా.

సినిమా 2022 మార్చి 25న వచ్చింది. వచ్చిన రోజు నుంచి ఎన్టీఆర్‌కు ఎన్ని నిమిషాలు, చరణ్‌కు ఎన్ని నిమిషాలు అని స్టాప్‌వాచ్‌లు పట్టుకుని లెక్కలు. భీం ఎక్కువనా, రామరాజు ఎక్కువనా? అన్నలారా, ఒక్కసారి ఆలోచించండి. కొమురం భీం 1901లో పుట్టాడు, 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. పశువులు మేపితే పన్ను, కట్టెలు తెస్తే పన్ను, పోడు కొడితే కేసు అన్నందుకు ఎదురు తిరిగాడు. అల్లూరి సీతారామరాజు 1924 మే 7న చనిపోయాడు. ఆయన వెనుక గాం గంటం దొర, గాం మల్లు దొర లాంటి మన్యం గిరిజనులు నడిచారు. మల్లు దొర జైలు శిక్ష అనుభవించి వచ్చి 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఎంత పెద్ద కథ! స్క్రీన్ టైమ్ లెక్కగట్టే మనవాళ్ళలో ఎంతమందికి ఆ అన్నదమ్ముల పేర్లు తెలుసు? వాళ్ళ స్క్రీన్ టైమ్ ఎంత?

కథ కల్పితమని సినిమావాళ్ళు ముందే చెప్పిన్రు. కల్పితం రాసుకునే హక్కు వాళ్ళకు ఉంది. కానీ కల్పితంలో కూడా ఎవరికి ఏం ఇచ్చారన్నది చూసే హక్కు మనకు ఉంది. చివర్లో ఏం కావాలని రామరాజు అడిగితే భీం చదువు అడుగుతడు. థియేటర్‌లో చప్పట్లు. మేము కూడా చదువు కోసమే ఇంటి నుంచి వచ్చినవాళ్ళం, ఆ మాట విలువ మాకు తెల్వదా? కానీ అసలు భీం ఎవరినో అడిగి చదువుకోలేదు. ఆయన జీవితం రాసినవాళ్ళు చెప్పేది ఏంటంటే, ఊరొదిలి చంద్రపూర్ పోయినప్పుడు విఠోబా అనే ఆయన ప్రెస్సులో పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడు. మరాఠీ గడ్డ మీద, అచ్చు యంత్రాల మధ్య, పని చేసుకుంటూ నేర్చుకున్నాడు. తర్వాత అస్సాం టీ తోటలకు పోయి కూలీల పోరాటాలు చూసి వచ్చాడు. అంటే ఆయనే ఫస్ట్ జనరేషన్ స్టూడెంట్! మనలాంటి హాస్టల్ పిల్లలకు ఇంతకన్నా ఎలివేషన్ ఏం కావాలి? ఆ సీన్ ఎవరూ తీయలేదు. దాని గురించి ఒక్క ఫ్యాన్ వార్ కూడా జరగలేదు.

దేని మీద జరిగింది? టోపీ మీద. 2020 అక్టోబర్ 22న, భీం జయంతి రోజున, టీజర్ వచ్చింది. చివర్లో భీం తల మీద ముస్లింలు పెట్టుకునే టోపీ. అప్పటి ఆదిలాబాద్ ఎంపీ సోయం బాపూరావు సహా చాలామంది మండిపడ్డారు. నిజాం మీద పోరాడినాయనకు ఆ టోపీ ఏంటన్న బాధ మన గూడేల్లో నిజంగానే ఉంది. దాన్ని మేము తక్కువ చేయం. కానీ ఆ బాధను పట్టుకుని ఆన్‌లైన్‌లో నడిచిన తిట్లు ఎక్కడికి పోయినయో చూడండి. భీం పక్కకు పోయాడు, పాతబస్తీ మీద పడ్డరు.

మేము ఆ పాతబస్తీలోనే ఉంటున్నం కాబట్టి ఒక మాట చెప్తం. పాయిగా నవాబు ఆస్మాన్ జా ప్యాలెస్ పేరు మీద ఈ బస్తీకి జహనుమా అనే పేరు. ప్రపంచాన్ని చూపేది అని అర్థం. గుట్ట మీద ఫలక్‌నుమా ప్యాలెస్ ఇప్పుడు పెద్ద హోటల్. నవాబుల వైభవం అక్కడ టికెట్టు పెట్టి అమ్ముతరు. కింద గల్లీలో మాత్రం నవాబులు లేరు. ఆటో నడిపేవాళ్ళు, లక్క గాజులు చేసేవాళ్ళు, పంక్చర్ వేసేవాళ్ళు ఉన్నరు. భీంను కాల్చిన సర్కారు వీళ్ళది కాదు. మెస్సు బంద్ ఉన్న రోజు మాకు అప్పు మీద చాయ్, ఉస్మానియా బిస్కెట్ ఇచ్చే హోటలాయన తల మీద ఉండేది ఆ టోపీయే.

వాళ్ళకూ మనకూ ఒక పోలిక ఉంది. ఫోన్ గేముల్లో స్క్వాడ్ కట్టినప్పుడు వాయిస్ చాట్‌లో ఎవరో "జంగ్లీ" అంటడు, అది మాకు. "పాకిస్తానీ" అంటడు, అది మా గల్లీ పోరగాళ్ళకు. తెలుగు సినిమాలో గూండా ఇల్లు కావాలంటే పాతబస్తీ, అనాగరికుడు కావాలంటే అడవి. ఇద్దరం ఒకే స్టిక్కర్ ప్యాక్‌లో ఉన్నం. అయినా ఒకరి మీద ఒకరికి స్టిక్కర్లు పంపుకుంటున్నం.

కానీ వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది కూడా ఉంది. దక్కనీ మాటను హిందీ సినిమాలో కామెడీకి వాడేవాళ్ళు, అది కూడా సరిగ్గా పలకకుండా. 2005లో 'ది అంగ్రేజ్' వచ్చింది. హైదరాబాద్ వాళ్ళే, హైదరాబాద్ మాటలోనే, చార్మినార్ దగ్గర కూర్చుని గప్పాలు కొట్టే వాళ్ళ కథ తీసుకున్నరు. నవ్వు అదే, కానీ నవ్వించేది వాళ్ళు. అది పెద్ద తేడా. ఇప్పటికీ మా గల్లీలో ఆ సీన్లు ఫోన్లల్లో తిరుగుతనే ఉంటయి. వాళ్ళు వాళ్ళ మీదే జోకులేసుకుంటరు, ఎవరికీ నొప్పి కలగదు, ఎందుకంటే అక్కడ వరస ఉంది.

మన తెలంగాణ మాట సంగతి కూడా అంతే కదా. చాన్నాళ్ళు రౌడీకి, పనివాడికి, కామెడీ గాడికి ఇచ్చిన యాస అది. 2017లో 'ఫిదా'లో హీరోయిన్ మాట్లాడింది. 2023లో 'బలగం' వచ్చినప్పుడు ఊళ్ళల్లో తెర కట్టి అందరూ కలిసి చూసి ఏడ్చిన్రు. నిన్న నవ్విన యాసకే ఇవ్వాళ ఏడ్చిన్రు. మాట మారలేదు, చెప్పే మనిషి మారాడు. గోండికి, కోయకు, గోర్ బోలికి ఆ రోజు రావద్దా? మంగ్లీ మన తండా బిడ్డ. పండుగ పాటలతో ఇంటింటికీ పోయింది. తొవ్వ ఉందని అక్కడే తెలుస్తది.

మన హీరోలు ఎవరు అన్న దగ్గర మాకు నిజంగ కడుపు మండుతది. 2024 మీకు 'పుష్ప 2' సంవత్సరం. డిసెంబర్ 5న విడుదల, దేశమంతా గడ్డం కింద చేయి తిప్పింది. అదే 2024లో జూన్‌లో సకిని రామచంద్రయ్య పోయాడు. కోయ డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథను, కోయ ఇలవేల్పుల కథలను పుస్తకం లేకుండా గొంతులో మోసినాయన. 2022లో పద్మశ్రీ. అదే ఏడు అక్టోబర్‌లో గుస్సాడి కనకరాజు పోయాడు. మార్లవాయి మనిషి, నెమలి ఈకల టోపీని ఢిల్లీ దాకా తీసుకుపోయినాయన. 2021లో పద్మశ్రీ. ఇద్దరు పెద్దలు ఒకే ఏడు. ఎన్ని ఎడిట్లు వచ్చినయి? ఎన్ని స్టేటస్‌లు? స్టిక్కర్‌లో తల మీద ఈకలు చూసి నవ్వే వాళ్ళకు తెలుసా, ఆ ఈకలు పెట్టుకునే మనిషికి రాష్ట్రపతి చేతుల మీదుగా పద్మశ్రీ వచ్చిందని?

'పుష్ప' గురించి కూడా ఒకటి చెప్పాలి. శేషాచలం అడవిలో ఎర్రచందనం కొట్టే కూలీ సిండికేట్ నాయకుడవుతడు, మనం విజిల్ వేస్తం. 2015 ఏప్రిల్ 7న నిజమైన శేషాచలంలో పోలీసుల కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళలో చాలామంది కొండల గిరిజనులు. కూలి కోసం కొండ దిగినవాళ్ళు. వాళ్ళకు ఎంట్రీ సీన్ లేదు, పార్ట్ 2 లేదు. సినిమా చూడొద్దని కాదు మేము అనేది. చూడండి, విజిల్ వేయండి. కానీ "నా హీరో తోపు" అని రాత్రి రెండింటి దాకా కొట్లాడే ఓపికలో పది నిమిషాలు ఆ ఇరవై మందికి ఇవ్వలేమా?

ఇప్పుడు అసలైన చేదు మాట. బయటివాళ్ళ సంగతి పక్కన పెడితే, మన గ్రూపుల్లో మనం ఏం చేస్తున్నం?

ఒక సినిమా మీద చర్చ మొదలైతది. మొదట కలెక్షన్లు. తర్వాత వ్యక్తిగతం. అరగంటలో ఒకడు కోయ తమ్ముడి కామెంట్ కింద కోయదొర స్టిక్కర్ వేస్తడు. వెంటనే అవతల నుంచి "మీరు అసలు ఎస్టీలేనా, బతకొచ్చినోళ్ళు" అని లంబాడీ అన్నకు జవాబు. ఇంక సినిమా ఎటు పోయిందో తెల్వదు. 2017 చలికాలంలో ఆదిలాబాద్ వైపు ఆదివాసీలకు, లంబాడీలకు మధ్య ఎంత ఘర్షణ అయిందో మనందరికీ తెలుసు. కొందరి ఇండ్లల్లో ఆ గాయం ఇప్పటికీ ఆరలేదు. ఆ రిజర్వేషన్ ప్రశ్న నిజమైన ప్రశ్నే. ఒక్కొక్కరికి ఒక్కో అభిప్రాయం ఉంటది. దానికి చట్టాలు ఉన్నయి, కోర్టులు ఉన్నయి, పెద్దలు ఉన్నరు, కూర్చుని మాట్లాడే పద్ధతి ఉంది. మా రూంలో కూడా దాని మీద వాదన నడుస్తది. వాదన అయినంక ఒకే గిన్నెలో పచ్చడి కలుపుకుని తింటం. కానీ ఎవడో కోటీశ్వరుడి సినిమాకు ఎన్ని కోట్లు వచ్చినయన్న లొల్లిలో, మీమ్ రూపంలో ఆ పుండును గెలకడం ఏం తెలివి? మన కొట్లాటతో ఏ హీరోకూ ఒక్క టికెట్ పెరగదు. మన పిల్ల ఒకతి గ్రూపులో మాట్లాడటం మానేస్తది, అంతే మిగిలేది. కొన్నాళ్ళకు హాస్టల్ సీటు రాలేదనో, స్కాలర్‌షిప్ పడలేదనో అడగాల్సి వస్తే ఆ పిల్ల అడగదు. ఎందుకంటే ఇక్కడ నోరు తెరిస్తే స్టిక్కర్ పడతదని ఆమెకు తెలుసు. మేము భయపడేది దానికే.

చట్టం గురించి కూడా తెలుసుకోండి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3 ప్రకారం ఎస్టీ మనిషిని పదిమందికీ తెలిసేలా కావాలని అవమానించినా, కులం పేరుతో తిట్టినా నేరం. ఆన్‌లైన్ మాటలు కూడా పదిమంది ముందు అన్నట్టే లెక్క అని 2022లో కేరళ హైకోర్టు ఒక యూట్యూబ్ వీడియో కేసులో చెప్పింది. కాబట్టి బయటివాడు నిన్ను పట్టుకుని మరీ తిడితే స్క్రీన్ షాట్ తీసి, తేదీతో సహా దాచిపెట్టు, సీనియర్లకు చూపించు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ చట్టం కింద నిందితుడు ఎస్సీ, ఎస్టీ కానివాడై ఉండాలి. మనలో మనం తిట్టుకుంటే ఆ చట్టం రాదు. అంటే ఈ గ్రూపు లోపల మనల్ని ఒకరి నుంచి ఒకరిని కాపాడేది ఏ సెక్షనూ కాదు. వరస ఒక్కటే.

కొందరు అంటరు: "ఇంత సీరియస్ అయితే నవ్వు ఎట్ల? ప్రతిదానికీ మనోభావాలేనా?" మంచి ప్రశ్నే. మనోభావాల పేరుతో ప్రతి సినిమాను ఆపాలనే వాళ్ళ వెంట మేము లేము. నవ్వు తక్కువ కావాలని కూడా మేము అడగడం లేదు, ఎక్కువ కావాలనే అడుగుతున్నం. గోండిలో మీమ్ వేయండి. గోర్ బోలిలో డబ్ చేసి పక్క హీరో ఫ్యాన్‌ను ఏడిపించండి. మా రూంలో కోయ తమ్ముడు ఒక మాస్ సీన్‌కు కోయలో డైలాగులు కట్టి వినిపిస్తే పక్క రూం వాళ్ళు కూడా వచ్చి పొట్ట పట్టుకుని నవ్విన్రు. ఆ నవ్వులో ఎవరూ చిన్నబోలేదు. స్టిక్కర్ చూసి నవ్వడానికి తెలివి అక్కర్లేదు. సొంత భాషలో నవ్వించడానికి కావాలి, అది మన దగ్గర ఉంది.

ఇంకొందరు అంటరు: "చదువుకోవడానికి పోయి ఇవన్నీ ఎందుకు?" అన్నా, మేము చదువుకునే క్లాసులో, తినే మెస్సులో, ఎక్కే బస్సులో మమ్మల్ని ఎట్ల చూస్తరన్నది పుస్తకాల కన్నా ముందు ఫోన్‌లోనే తయారవుతున్నది. మేము అడుగు పెట్టకముందే మా స్టిక్కర్ అక్కడికి చేరుకుంటున్నది. ఇది కూడా చదువు విషయమే.

అందుకే అడ్మిన్లకు, సభ్యులకు మా డిమాండ్లు. ఒకటి, ఈ గ్రూపులో ఏ తెగ పేరూ తిట్టుగా రావద్దు. గోండు, కోయ, లంబాడీ, ఎరుకల, యానాది, చెంచు, కొలాం, తోటి, ఎవరి పేరైనా సరే. మొదటిసారి చెప్పండి, రెండోసారి వారం రోజులు బయట పెట్టండి. ఎంత సీనియర్ అయినా, ఎంత పెద్ద సంఘం లీడర్ అయినా. రెండు, రిజర్వేషన్ చర్చ చేయాలంటే దానికి వేరే రోజు పెట్టండి, జీవోలు, తీర్పులు పట్టుకుని రండి. సినిమా పోస్టు కింద ఆ మాట వస్తే తీసేయండి. మూడు, వారానికి ఒక్క పోస్టు మన కళాకారుల మీద రావాలి. మీ ఊళ్ళో డోలి కొట్టే తాత, కిక్రి వాయించే పర్ధాన్ మామ, తీజ్ పాటలు పాడే నాయనమ్మ, ఎవరైనా సరే. ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి. ఆ పెద్దలు పోయినంక "మిస్ యూ" అని పెడితే ఏం లాభం?

నాలుగోది బయటి ఫ్యాన్ పేజీల గురించి. అక్కడ మన పేరు తిట్టుగా వచ్చినప్పుడు, అది మన హీరో పేజీ అయినా సరే, "ఇది తప్పు" అని ఒక్క లైను రాయండి. హీరో ఎవరన్నది చూడొద్దు. మన హీరో మీద ప్రేమ కొద్దీ మన తల్లి బట్టల మీద జోకును మింగేయాల్సిన ఖర్మ మనకు లేదు.

దసరా సెలవులకు చాలామంది ఇండ్లకు వస్తరు. ఆ లోపల ఈ నాలుగింటి మీద అడ్మిన్లు ఏదో ఒకటి తేల్చాలి. ఒప్పుకోనివాళ్ళు కింద కారణం రాయండి, మర్యాదగ జవాబిస్తం. స్టిక్కర్ మాత్రం వేయకండి.

జై ఆదివాసీ. జై సేవాలాల్.

జహనుమా హాస్టల్ పిల్లలు